బొంత వెనక గుడ్డ

మా ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా ఆ బొంతని ముందు వైపే చూస్తారు. చూడాలి కూడా, అమ్మ పదహారు పదిహేడేళ్ళ వయసులో కుట్టిన చిలకలూ కలువలూ మామిడి పిందెలూ అన్నీ ఆ వైపే ఉన్నాయి. వాళ్ళు చూడటం అయ్యాక నేను దాన్ని తిరగేసి వెనక వైపు చూపిస్తాను. తెల్లటి గుడ్డ, నడిమధ్యలో పై నుంచి కింద దాకా పక్కపక్కనే రెండు సన్నటి మెరూన్ గీతలు, అంతే. ఇందులో చూడ్డానికి ఏముందా అని మొహమాటంగా నవ్వుతారు. ఆ గుడ్డ దొరకడానికి 2003 వేసవిలో మా ఇంట్లో దాదాపు నెల రోజులు పట్టింది, నలుగురు ఆడవాళ్ళు, ఒక తాతయ్య, ఎన్ని గుడ్డలు చూశామో, ఎన్ని పక్కన పెట్టామో. అదంతా నిలబెట్టి చెప్పలేను కదా, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ముక్కల సంగతి చెప్పాలి.

అమ్మ 1976లో పదో తరగతి పాసయ్యాక ఇంట్లో ఉండిపోయింది. అమలాపురం పక్కన పల్లెటూరు వాళ్ళది, కాలేజీకి పంపాలని తాతయ్యకి మనసులో ఉన్నా వాళ్ళ నాయనమ్మ సాగనివ్వలేదట. అక్కణ్ణించి 1979లో పెళ్ళయ్యే దాకా మధ్యాహ్నాలన్నీ అరుగు మీద చెక్క రింగు పట్టుకుని కూర్చునేది. వారపత్రికల మధ్య పేజీల్లో వచ్చే డిజైన్లని కార్బన్ పేపరు పెట్టి గుడ్డ మీదకి దించుకోవడం, యాంకర్ దారం లచ్చిలో ఆరు పోగుల్లోంచి రెండే పోగులు విడదీసి సూదిలోకి ఎక్కించడం, కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు, లేజీడైజీ. తెల్ల లాంగ్‌క్లాత్‌ని అడుగు చదరం ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదానికి వారం పది రోజులు పట్టించి, మొత్తం ఇరవై ముక్కలు కుట్టింది. దేనికోసం కుట్టావమ్మా అని అడిగితే, రేడియో మీదకి ఒకటి, ట్రేలోకి ఒకటి, కుర్చీల వెనక్కి ఒక్కోటి అనుకున్నానే అనేది. అత్తారింటికి ఏదీ తీసుకెళ్ళలేదు. ట్రంకు పెట్టెలో పెట్టేసి వచ్చేసింది.

ఆ ముక్కల్ని ఎప్పుడు తీసినా నేను వెనక్కి తిప్పి చూసేదాన్ని, ఎందుకంటే అవి రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండేవి. ముడులు కనపడవు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దారం ఈడ్చుకుంటూ పోయిన జాడ ఉండదు. స్కూల్లో వాళ్ళ కుట్టుపని టీచరు ముందు వైపు చూసి మార్కులు వేసేది కాదట. గుడ్డ తిరగేసి, అటు చూసి వేసేదట.

ఇరవై ముక్కలూ మాకు మిగల్లేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు ఒక పక్క పెంకులన్నీ లేచిపోయాయి, తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, తాతయ్య మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ హడావిడిలో ట్రంకు పెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది. నాలుగో రోజో ఐదో రోజో తెరిచి చూస్తే మూత తుప్పు పట్టిన చోట నుంచి నీళ్ళు దిగి, ముక్కలు చుట్టి పెట్టిన ఎర్ర లంగా గుడ్డ తడిసి, పైన ఉన్న నాలుగు ముక్కలకి ఆ ఎరుపు అంతా పట్టేసింది. నిమ్మకాయ, ఉప్పు, చవుడు సబ్బు, ఎండ, అన్నీ అయ్యాయి. ఎరుపు లేత గులాబీ అయింది గానీ పోలేదు. అమ్మ ఆ నాలుగింటినీ విడిగా మడిచి మిగతా పదహారు ముక్కల కింద పెట్టేసింది, ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త గుడ్డ ఏది వచ్చినా, ఎరుపు అయితే చాలు, విడిగా బకెట్‌లో ముంచి చూడకుండా బీరువాలోకి పోనిచ్చేది కాదు.

2003లో ఏడో నెల శ్రీమంతం అయ్యాక నేను పురిటికి అమలాపురం వచ్చాను. ఆ ఏడు ఎండలు ఎలా ఉన్నాయో గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది, మే నెలంతా పొద్దున్న తొమ్మిదికే తలుపులు మూసుకోవడమే. అమ్మమ్మా తాతయ్యా కూడా నాకోసం ఊరి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు, పిన్ని రెండు వీధుల అవతలే. పని లేదు, నిద్ర పట్టదు. ఒకరోజు అమ్మ ఆ పదహారు ముక్కలూ మంచం మీద నాలుగు వరసలుగా పరిచి చూస్తూ నిలబడి ఉంటే నేనే అన్నాను, "అమ్మా, వీటిని కలిపి బొంత కుడదామే" అని. పిన్ని వెంటనే మిషను తెచ్చేసింది. ముక్కకీ ముక్కకీ మధ్య, చుట్టూ, రెండంగుళాల గంధం రంగు కేంబ్రిక్ పట్టీలు వేసి అతికితే ఇటూ అటూ దాదాపు ఐదడుగులు వచ్చింది. అదంతా రెండే రోజుల పని. ఇంక వెనక గుడ్డ వేసి కుట్టుకోవడమేగా అనుకున్నాం.

మామూలు బొంతకి ఈ చిక్కు లేదు. మా వైపు కోతలు అయిపోయాక ఎండాకాలంలో బొంతలు కుట్టే ఆడవాళ్ళు వచ్చేవారు, ఇంట్లో ఉన్న పాతచీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, పొడుగు సూదితో చుట్టూ తిరుగుతూ కుట్టుకుంటూ లోపలికి వచ్చేవారు. పైచీర చిరిగిందంటే దాని మీద ఇంకో చీర వేసి మళ్ళీ కుట్టేయడమే, అలా ఏళ్ళు గడిచేకొద్దీ బొంత మందం పెరిగేది గానీ పారేసే పని ఉండేది కాదు. మా బొంతకి అది కుదరదు. పైన ఉన్నవి అమ్మ పువ్వులు, వాటి మీద ఏం కప్పుతాం? ఆ పువ్వులు ఎన్నాళ్ళుంటాయో వెనక గుడ్డ కూడా అన్నాళ్ళు ఉండాలి. తడిస్తే రంగు వదలకూడదు. ఉతికినప్పుడు ముందు గుడ్డ కన్నా ఎక్కువ ముడుచుకుపోకూడదు, ముడుచుకుందంటే ముందున్న పువ్వులన్నీ బొబ్బల్లా ఉబ్బిపోతాయి. మూడు పొరల్లోంచి చేతి సూది దిగాలి. పైగా పసిపిల్ల పడుకునే బొంత, ఒంటికి మెత్తగా ఉండాలి.

మొదట నేను ముచ్చటపడింది కలంకారీ. హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో పెడన కలంకారీ అని చెప్పి అమ్మితే మూడు మీటర్లు కొనుక్కుని దాచుకున్నాను, ఇటుక ఎరుపు మీద నల్ల తీగలు, ఎంత బాగుందో. వెనక కూడా ఒక బొమ్మ ఉంటే బొంత రెండు వైపులా వాడుకోవచ్చు అనిపించింది. అమ్మ ఆ గుడ్డ ఎరుపు చూడగానే మొహం మార్చేసింది. మూల తడిపి, మీద తెల్ల చేతిరుమాలు వేసి, వేడి ఇస్త్రీపెట్టె ఆనించి తీసింది. రుమాలు మీద గులాబీ రంగు మచ్చ, సరిగ్గా ఆ నాలుగు ముక్కల మీద ఉన్న రంగే. ఇంక నేను ఏం మాట్లాడతాను. తర్వాత తెలిసింది, అది కలంకారీ కాదు, కలంకారీ బొమ్మలు వేసిన స్క్రీన్ ప్రింటు. పెడనలో సంప్రదాయంగా అద్దేవాళ్ళు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి, పటికతో అచ్చులు వేసి, పారే నీళ్ళలో జాడించి, రంగులో ఉడకబెట్టి ఇంత చాకిరీ చేసేది ఆ రంగు నూలులోకి పట్టి నిలబడాలనే. ఆ పని సరిగ్గా జరిగిన గుడ్డ అయితే నా బొంతకి సరిపోయేదేమో. కానీ అప్పటికి అమ్మ దగ్గర ఎరుపు అన్న మాటే ఎత్తకూడదని నిర్ణయం అయిపోయింది.

అమ్మ తన బీరువాలోంచి టెర్రీకాటన్ దుప్పటి తీసింది. పెద్ద పన్నా, అతుకు అక్కర్లేదు, ముడతలు పడదు, తొందరగా ఆరిపోతుంది. అమ్మమ్మ ఒక చెంబెడు నీళ్ళు తెప్పించి దాని మీద నాలుగు చుక్కలు వేసింది. చుక్కలు గుండ్రంగా అలాగే నిలబడ్డాయి.

"నీళ్ళే పీల్చనిది పిల్ల చెమట ఏం పీలుస్తుందే" అంది. దుప్పటి మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది.

ఒక గురువారం పొద్దున్నే పిన్నీ అమ్మా బస్సెక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళారు. నన్ను రానివ్వలేదు. తాడితోట క్లాత్ మార్కెట్లో మధ్యాహ్నం దాకా తిరిగి, సాయంత్రం ఎర్రగా కందిపోయిన మొహాలతో దిగారు. సంచిలోంచి ఒక్కో గుడ్డా తీసి మంచం మీద పరుస్తుంటే అమ్మమ్మ పక్కన కూర్చుని చూసింది.

అమ్మమ్మ గుడ్డ చూడటం నేను ఎన్నిసార్లు చూశానో. ముందు ధర అడిగేది కాదు. అంచు దగ్గర రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేది, నలిపిన వేళ్ళు వాసన చూసుకునేది, గంజి ఎక్కువ పెట్టి బరువు తెప్పించారేమోనని. గుడ్డ ఎత్తి కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకునేది, పోగుల మధ్య ఎక్కడైనా ఎడం ఉంటే అక్కడ వేలితో సున్నా చుట్టి చూపించేది. మూలకి రెండు చివర్లూ పట్టుకుని ఐమూలగా ఒక లాగు లాగేది. ఆ తర్వాత అంచులోంచి ఒక్క పోగు బయటికి లాగి, రెండు చేతుల్తో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని తెంపేది. ఆ చప్పుడులో ఏం వినేదో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, "ఇది గట్టి నూలే" అనో "ఇది పొట్టు" అనో చెప్పేసేది. ఆఖర్న బుగ్గకి ఆనించుకునేది. ఇదంతా అరనిమిషంలో అయిపోయేది.

పాప్లిన్‌ని మెచ్చుకుంది. నేత దట్టంగా ఉంది, రంగు లేదు, నూలు మంచిది. కానీ ముప్పై ఆరు అంగుళాల పన్నా, నడుమ మందంగా ఒక అతుకు తప్పదు. సరే అదీ ఒప్పుకుందాం అని చిన్న ముక్క తీసుకుని మధ్యలో పాత చీర పేలిక పెట్టి కుట్టి చూశాం. నాలుగు కుట్లకే సూది మొరాయించింది, ప్రతి కుట్టుకీ కిర్రుమంటూ పైకి వచ్చేది, పిన్ని బొటనవేలికి రెండు పోట్లు పడ్డాయి. అంత దట్టమైన నేత మిషను కుట్టుకే బాగుంటుంది. మిషను మీద వేద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు, "చేత్తో కుట్టిన పువ్వుల మీద మిషను బరబరా నడిపిస్తే చూళ్ళేను" అంది. ఆ మాట నాకు ఇష్టంగా అనిపించింది, ఇప్పటికీ నాదీ అదే మాట.

మల్లు గుడ్డ మెత్తదనం గురించి చెప్పక్కర్లేదు. సూది ఎలా దిగిందో తెలియకుండా దిగింది. కానీ మరీ పల్చన, లోపల వేసే చీర రంగు పైకి తెలిసిపోయింది. పెద్ద పిల్లలు రెండుసార్లు కాలితో తంతే చిరిగిపోతుంది అని తాతయ్య అరుగు మీద నుంచే అన్నాడు. అప్పటిదాకా ఆయన ఈ విషయంలో ఒక్క మాటా కలగజేసుకోలేదు.

అప్పుడు నేను అమ్మమ్మ చీర అడిగాను. అది నా తప్పు, కానీ ఇష్టం కొద్దీ చేసిన తప్పు. బండారులంక నేతచీర, లేత తమలపాకు రంగు, నా చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుంటే నా చెంపకి తగిలింది అదే చీర. ఇరవై ఏళ్ళు ఉతికి ఉతికి మల్లు కన్నా మెత్తగా అయింది. నా బిడ్డకి కూడా ఆ చీరే తగలాలని నాకు పట్టుదల వచ్చేసింది. అమ్మమ్మ చీర విప్పి వెలుగుకి పట్టి చూపించింది, "ఇదుగో, కూర్చునే చోట నూలు చచ్చిపోయిందే, చూడు, జల్లెడలా లేదూ" అని. నేను వినలేదు. ఆ భాగం పక్కకి పెట్టి కుచ్చిళ్ళ దగ్గర భాగం తీసుకుందాం, అది బాగానే ఉంది కదా అని వాదించాను. ఏడో నెల మనిషిని కాదనలేక ఒప్పుకున్నారు.

రెండు రోజులు కూర్చుని చీర పరిచి, మీద ముక్కల గుడ్డ పరిచి, కచ్చాకుట్లు వేశాం. మూడో రోజు అసలు కుట్టు మొదలుపెట్టాం. మూడో వరసలో నేను దారం బిగించి లాగాను, పెద్దగా కూడా కాదు, చిర్రుమని చప్పుడైంది. సూది గుచ్చిన చోటల్లా ఒకదాన్నుంచి ఒకటి పట్టుకుని జానెడు మేర చీలిపోయింది. పక్కన ఇంకో చోట పట్టుకుని చూస్తే అక్కడా అంతే. ఎవరూ ఏమీ అనలేదు, అమ్మమ్మ కూడా నేను చెప్పానా అనలేదు. నేనే ఏడ్చాను. చీర కోసమా, చేసిన పని పోయినందుకా, ఆ ఎండకా, ఏమో. ఆ సాయంత్రం పిన్ని కత్తెర పట్టుకుని కచ్చాకుట్లన్నీ ఊడదీస్తుంటే అమ్మమ్మ ఆ చీరని మడిచి తన పక్కన పెట్టుకుని, "దీన్ని పారేయట్లేదు, లోపల వేద్దాం. అటూ ఇటూ పట్టుకునేవి ఉంటే మధ్యలో ఎంత పాతదైనా నిలబడుతుంది" అంది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగాక తాతయ్య లోపలికి వెళ్ళాడు. ఊరి నుంచి తెచ్చుకున్న సంచిలో ఏదో వెతికి, కాగితం పొట్లం ఒకటి తెచ్చి మంచం మీద పెట్టాడు. "ఇది చూడండి" అన్నాడు, అంతే, మళ్ళీ పేపరు పట్టుకుని అరుగు మీదకి వెళ్ళిపోయాడు.

విప్పితే పంచెల చాపు. అమ్మ పెళ్ళిలో నాన్న వాళ్ళ వైపు నుంచి తాతయ్యకి పెట్టిన బట్టలు. రెండు పంచెలు కలిసి ఉన్న చాపు, మధ్యలో కత్తిరించను కూడా లేదు. ఒంటికి చుట్టిందే లేదు. "అదేవిటండీ, అది కట్టుకోవడానికని తెచ్చుకున్నారు కదా, మనవరాలి బిడ్డ బారసాలకి" అని అమ్మమ్మ బయటికి కేకేస్తే, "నాకు ఆప్కోలో ఇంకో చాపు తెచ్చుకుంటాలే" అని అక్కడ నుంచే జవాబు.

ఇరవై నాలుగేళ్ళు మడతలో ఉన్న గుడ్డ. నాకు భయం వేసింది, ఒక చీర చిరిగి ఒక్కరోజు కూడా కాలేదు. గంజితో ఉన్న గుడ్డ అన్నేళ్ళు ఒకే మడతలో ఉంటే ఆ గీత దగ్గరే విరుగుతుంది. అమ్మమ్మ మాత్రం కంగారు పడలేదు. ప్రతి ఏడూ సంక్రాంతికి పెట్టె దులిపినప్పుడు మడత మార్చి పెట్టానే అంది. విప్పి చూస్తే నిజమే, లేత పసుపు గీతలు ఉన్నాయి గానీ ఒకదాని మీద ఒకటి పడకుండా పది చోట్ల ఉన్నాయి, ఎక్కడా పోగు తెగలేదు. వెలుగుకి పట్టింది. పోగుకీ పోగుకీ మధ్య ఊపిరాడే అంత ఎడం, ఎక్కడ చూసినా ఒకేలా ఉంది. ఐమూలగా లాగింది. పోగు తీసి చెవి దగ్గర తెంపింది. ఆ పోగు తెగిన చప్పుడు ఈసారి నాకు కూడా వినపడింది, సన్నగా, టక్కుమని.

మిగిలింది అంచు. వేలెడు వెడల్పు కూడా లేని మెరూన్ నూలు అంచు. మెరూన్ అంటే ఎరుపే కదా. అమ్మ ఎవరికీ చెప్పకుండా బాత్రూంలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టి, చాపు చివర తడిపి, తన తెల్ల జాకెట్టు పాతది దానిలో చుట్టి, పిండకుండా ఒక పూటంతా వదిలేసింది. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే లేచి వెళ్ళింది. మా అందరికీ టెన్షన్, ముద్ద చేతిలోనే ఉంది. ఆవిడ జాకెట్టు విప్పి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తెల్లగా ఉంది. ఒక్క మరక లేదు. అమ్మ మొహంలో అంత సంతోషం నేను నా పెళ్ళిలో కూడా చూడలేదు.

చాపు కత్తిరించి ఒక పంచె పక్కన పెట్టేశాం. రెండోది రాత్రంతా నీళ్ళలో నానేస్తే గంజి తెల్లగా దిగింది. రెండుసార్లు ఉతికి ఆరబెట్టి కొలిస్తే నాలుగు గజాల పంచె, అంటే 144 అంగుళాలది, 138కి వచ్చింది. ముడుచుకోవాల్సింది ముందే ముడుచుకుంది. దాన్ని సగానికి కత్తిరించి పక్కపక్కన వేస్తే 69 అంగుళాల పొడుగు, వెడల్పు కావాల్సిన దానికన్నా ఎక్కువే. బొంత కన్నా చుట్టూ మూడేసి అంగుళాలు పెద్దది ఉండాలి వెనక గుడ్డ, కుట్టుకుంటూ పోతే అది లోపలికి జరుగుతూ ఉంటుంది, మిగిలినది ముందుకి మడిచి అంచు కట్టుకోవచ్చు.

అతుకు దగ్గర చిన్న వాదన అయింది. పిన్ని అంచు కత్తిరించేసి తెల్లది తెల్లదానికి మిషను మీద అతుకుదాం అంది, కనపడదు కదా అని. అమ్మమ్మ ఉంచమంది. అంచు దగ్గర నేత గట్టిది, పోగులు ఊడవు, అంచుకి అంచు ఆనించి చేత్తో సన్నగా చుట్టుకుట్టు వేస్తే లోపల మడత ఉండదు, పడుకుంటే వీపుకి గుచ్చుకోదు అని చెప్పింది. నాకైతే ఆ మెరూన్ గీతలు పోనివ్వడం ఇష్టం లేదు. ఆవిడే కూర్చుని ఆ ఐదడుగుల పైన అతుకంతా కుట్టింది, అరవై మూడేళ్ళ వయసులో, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతుంటే. ఇప్పుడు మీరు ఆ బొంత వెనక వేళ్ళతో తడిమితే రెండు గీతల మధ్య అతుకు ఉందని తెలియదు.

పరిచిన రోజు హాల్లో సామానంతా జరిపేశాం. నేల తడిగుడ్డ పెట్టి తుడిచి ఆరాక, పంచె గుడ్డ పరిచి, ముడత లేకుండా లాగి నాలుగు మూలలా బరువులు పెట్టాం, రోకలి, రెండు ఇత్తడి చెంబులు, చల్లారిన ఇస్త్రీపెట్టె. ఆ ఇస్త్రీపెట్టెతోనే ముందురోజు ముక్కలన్నీ ఇస్త్రీ చేశాం, కొబ్బరిచిప్పల బొగ్గు వేసి, కింద టర్కీ తువ్వాలు పరిచి, పువ్వులు కిందికి ఉండేలా బోర్లా పెట్టి. అలా చేస్తే కుట్లు అణగవు, ఇస్త్రీ అయ్యాక తిప్పి చూస్తే పువ్వు పైకి లేచి నిలబడుతుంది. పంచె మీద అమ్మమ్మ తమలపాకు రంగు చీర రెండు మడతలుగా, దాని మీద అమ్మ ముక్కలు. కచ్చాకుట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి వేసుకుంటూ వచ్చాం. బయటి నుంచి లోపలికి వస్తే గుడ్డంతా మధ్యలో పోగుపడుతుంది.

అసలు కుట్టు మొదటి సూది అమ్మ వేసింది. పంచెలోంచి సూది పైకి వస్తుంటే ఎక్కడా అడ్డు లేదు, నేత పక్కకి జరిగి దారి ఇచ్చి, దారం వెళ్ళాక మళ్ళీ మూసుకున్నట్టు ఉంది. పాప్లిన్‌తో పడ్డ పాట్ల తర్వాత అది చూసి నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒక్క పువ్వు మీద నుంచి కూడా కుట్టు పోనివ్వలేదు. ప్రతి ముక్కకీ పట్టీ ఆనుకున్న చోట ఒక వరస, అర అంగుళం లోపల ఇంకో వరస, అంతే. తాతయ్య రోజూ మధ్యాహ్నం ఒక కుర్చీ తెచ్చుకుని మా పక్కన కూర్చుని, దారం మూరెడేసి తెంపి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగి, వరసగా కుర్చీ చేతికి వేలాడదీసి ఉంచేవాడు. మాకు చేతికి అందేలా.

జూలై చివరికి అయిపోయింది. ఆగస్టులో పాప పుట్టింది. పదకొండో రోజు దాకా పాతబట్టల్లోనే ఉంచారు, ఆ తర్వాత అమ్మ బొంత తెచ్చి పరిచింది. పువ్వులు పైకి ఉండేలా పరవబోతే అమ్మమ్మ ఆపింది, లేత చర్మానికి కుట్లు గుచ్చుకుంటాయి, తిప్పి వెయ్యి అంది. అలా మొదటి మూడేళ్ళూ మా పాప ఆ బొంత వెనక వైపునే పడుకుంది. ఆ మెరూన్ గీతలు పట్టుకునే బోర్లాపడింది, వాటి మీద చెయ్యి వేసుకునే నిద్రపోయేది, కొంచెం పెద్దయ్యాక అమ్మ ఒక గీత ఇవతల, నేను ఒక గీత అవతల, తను మధ్యలో అని పంచుకునేది. పువ్వుల వైపు అన్నేళ్ళూ పరుపు మీదకి ఉంది, అందుకే దారాల రంగు ఇప్పటికీ అంత నిండుగా ఉందని నాకు అనిపిస్తుంది.

తాతయ్య 2008లో, అమ్మమ్మ 2011లో వెళ్ళిపోయారు. బొంతకి ఇప్పటి దాకా ముందు వైపు రెండు చోట్ల లేజీడైజీ రేకులు ఊడితే అమ్మే మళ్ళీ కుట్టింది. వెనక ఒక్క పోగు తెగలేదు. ఉతికిన ప్రతిసారీ ఇంకొంచెం మెత్తబడుతోంది.

పోయిన నెల అమలాపురం వెళ్ళినప్పుడు అమ్మ బీరువా అడుగు అరలోంచి ఆ నాలుగు గులాబీ మచ్చల ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. నాలుగూ కలిపితే రెండడుగుల చిన్న బొంత అవుతుంది, పసిపిల్లలకి సరిపోతుంది, పిన్ని కోడలికి నెలలు. ఆ మచ్చలు ఇప్పుడు పాతబడి లేతగా, పువ్వుల వెనక సంధ్యలా ఉన్నాయి, నాకైతే మార్చాలని లేదు. ముక్కల కింద కాగితం పొట్లం ఉంది. రెండో పంచె. అమ్మ ఏటా సంక్రాంతికి మడత మార్చి పెడుతూనే ఉందట.

నిన్న రాత్రి దాన్ని బకెట్‌లో నానేశాను. పొద్దున్న చూస్తే గంజి తెల్లగా దిగి ఉంది. అంచు దగ్గర నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వెలుగులో చూశాను, రంగు లేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "పిండకు, అలాగే నీళ్ళోడుతూ ఆరేయి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చెయ్యి" అంది. బాల్కనీలో తీగ మీద ఉంది. ఇంకో గంటకి తీయాలి.